హగ్నోన్ వేసిన నల్లరాయి

హిమెత్తోస్ కొండ పడమటి వాలులో ఉన్న మా ఊళ్ళో హగ్నోన్‌ని ఎరగనివాళ్ళు లేరు. తేనె మంచిదని కొందరెరుగుదురు, నోరు పెద్దదని అందరూ ఎరుగుదురు. కొండమీద నలభై మట్టిగూళ్ళు పెట్టి తేనెటీగల్ని పెంచేవాడు. పదిరోజులకోసారి గాడిదమీద కుండలు కట్టుకుని ఏథెన్స్ సంతకు దిగేవాడు. తేనె మధ్యాహ్నానికల్లా అయిపోయేది. మనిషి మాత్రం పొద్దువాలితేగాని ఇల్లు చేరేవాడు కాదు. ఈ మధ్యలో ఏం చేసేవాడంటే, సంత పక్కన స్తంభాల వసారాలో చతికిలబడి ఆకెస్టోర్ మాటలు వింటూ కూర్చునేవాడు.

ఆకెస్టోర్ కాళ్ళకి చెప్పుల్లేని మనిషి. ఒంటిమీద ఒక ముతక దుప్పటి, చేతిలో కర్ర, భుజాన సంచి, అంతే ఆస్తి. ఏదో దీవిలో కలిగిన ఇంట పుట్టి, పొలమూ ఊరూ వదిలేసి వచ్చాడని చెప్పుకునేవారు. నీదే ఊరని ఎవరైనా అడిగితే ఆకాశం కింద ఉన్నదంతా నా ఊరే అనేవాడు. చట్టమనేది నలుగురు కూర్చుని కట్టుకున్న గోడ అనీ, గోడకి ఇవతలివాడు మనవాడు, అవతలివాడు పరాయివాడు అని మనమే రాసుకున్నామనీ, పుట్టుకతో వచ్చిన తేడా అందులో ఏమీ లేదనీ అతని వాదం. ఏథెన్స్‌వాడికీ పర్షియావాడికీ ఆకలి ఒకలాగే వేస్తుంది, జ్వరం ఒకలాగే వస్తుంది, కాబట్టి లోకమంతా ఒకటే ఊరు, అందరం ఆ ఊరి పౌరులమే అనేవాడు. ఒకసారి ఒక చెప్పులు కుట్టేవాడు లేచి, చట్టం లేకపోతే నీ సంచి ఎవడైనా లాక్కుపోతే అడిగే దిక్కెవరు అని నిలదీశాడు. ఆకెస్టోర్ సంచి తీసి వాడి ఒళ్ళో పడేసి, అడగను, తీసుకో అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. హగ్నోన్‌కి ఆ దృశ్యం ఎంత నచ్చిందంటే, ఊళ్ళో కనబడ్డ ప్రతివాడికీ నెలరోజులపాటు అదే చెప్పాడు.

విని ఊరుకుంటే బాగానే ఉండేది. విన్నదాన్ని తెచ్చి మా నెత్తిన రుద్దేవాడు. ఊరి బావి దగ్గర, ద్రాక్షతోటలో, చివరికి చావింట్లో కూడా అదే గోల. తన తేనెటీగలు పొలిమేర రాయి చూసి ఆగుతాయా అని అడిగేవాడు. ఊళ్ళో కుర్రకారు అతనికి లోకపౌరుడని పేరు పెట్టారు. వెక్కిరింపుకే పెట్టారు, అతను మాత్రం మీసం దువ్వుకున్నాడు. భార్య ఆర్కిప్పే ఒక్కతే అతన్ని నేలమీదకి దించేది.

"లోకానికంతా పౌరుడివయ్యావు, సంతోషం. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. కాస్త మన బావికి వెళ్ళి రా" అనేది.

అతను ఇంత మాట్లాడినా విసుక్కోకుండా వినేవాడు ఒకడుండేవాడు. పక్కింటి ఫిలాగ్రోస్. హగ్నోన్ కంటే పన్నెండేళ్ళు చిన్న. రెండిళ్ళకీ మధ్య నడుము ఎత్తు రాతిగోడ. ఆ గోడకి అటొకడు ఇటొకడు ఆనుకుని నలభై ఏళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఫిలాగ్రోస్ ఐదేళ్ళవాడుగా లెమ్నోస్ దీవి నుంచి తండ్రి వెంట ఈ ఊరికి వచ్చిన మొదటిరోజు, గోడ మీదుగా తేనెపట్టు ముక్క అందించింది హగ్నోనే. అప్పటినుంచీ అన్నా అని పిలిచేవాడు. వాడికి మూడు మడుల ద్రాక్షతోట, భార్య, ఇద్దరు కొడుకులు. మాట తక్కువ మనిషి. అయితే తప్పు కనబడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఊరిపెద్ద కల్లియాదిస్ గుడిమాన్యంలోని ఆలివ్ చెట్లని తన బావమరిదికి కట్టబెడుతుంటే, నిండు సభలో లేచి ఇది కుదరదన్నాడు. కుదరలేదు కూడా. కల్లియాదిస్ ఆ మాట మర్చిపోలేదు.

ఇంతలో ఆ ఏడు వచ్చింది. ఉత్తరాన మాసిడోనియా రాజు ఒక్కొక్క ఊరే మింగుకుంటూ వస్తున్నాడు. ఏథెన్స్ జనానికి భయం పట్టుకుంది. భయపడ్డ జనం శత్రువుని ఏమీ చెయ్యలేక, మనలో మనవాళ్ళు కానివాళ్ళెవరో తేల్చాలన్నారు. ప్రతి ఊరూ తన పౌరుల పట్టిక తెరిచి, ఒక్కొక్క పేరూ చదివి, ఇతను నిజంగా మనవాడేనా కాదా అని ఓటు వెయ్యాలని చట్టం చేశారు. తండ్రీ తల్లీ ఇద్దరూ ఏథెన్స్ పౌరుల ఇళ్ళలో పుట్టినవాళ్ళైతేనే బిడ్డ పౌరుడు. ఏ ఒక్కరు కాకపోయినా పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే భూమి ఉండదు, ఓటు ఉండదు, కొడుకుల పేర్లు కూడా పోతాయి. నోరు మూసుకుని ఒప్పుకుంటే పరదేశిగా బతకనిస్తారు. కాదని పెద్ద న్యాయసభకి ఎక్కి అక్కడ ఓడితే మాత్రం మనిషిని బానిసగా అమ్మేస్తారు.

కల్లియాదిస్‌కి ఇంతకంటే ఏం కావాలి. ఫిలాగ్రోస్ తల్లి ఎవరో ఎవడికి తెలుసు అని ఊరంతా తిరిగి గుసగుస పెట్టాడు. వాడి వెంట లెమ్నోస్ నుంచి వచ్చిన, పాలిచ్చి పెంచిన దాయి ఉండేది కదా, అదే తల్లి, దీవిమనిషి, మనకి దాయి అని చెప్పి దాటేశారు అన్నాడు. దాయి పోయి ఇరవై ఏళ్ళయింది. తండ్రి పోయి పదేళ్ళు. పెళ్ళయ్యాక మొగుడి వెంట లెమ్నోస్ వెళ్ళిన తల్లి నికారెతే అక్కడే పురిట్లో పోయింది. ఆమె పుట్టినింటివాళ్ళు ఒక్కరు మిగల్లేదు. ఆమె మా ఊరి పిల్ల అనీ, మా ఊళ్ళోనే చట్టప్రకారం పెళ్ళి జరిగిందనీ కళ్ళతో చూసినవాళ్ళలో బతికున్నది ఒక్క మనిషే. అది హగ్నోన్.

అతను చూడటమేమిటి, ఆ పెళ్ళిలో రొట్టెలు పంచినవాడే అతను. మాలో పెళ్ళింట రొట్టెలు పంచడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ బతికున్న పిల్లాణ్ణే పిలుస్తారు. పదకొండేళ్ళ హగ్నోన్ తలమీద ముళ్ళూ ఓక్ కాయలూ గుచ్చిన కిరీటం పెట్టి, చేటలో రొట్టెలు పోసి చేతికిచ్చారు. కిరీటం కళ్ళమీదకి జారిపోతుంటే పెళ్ళికూతురు ముసుగులోంచి చెయ్యి చాపి సరిచేసింది. తండ్రి కూతురు చెయ్యి పట్టుకుని, పౌరబిడ్డల్ని కనడానికి ఈమెను నీకిస్తున్నానని అల్లుడితో అన్న మాట హగ్నోన్ చెవులతో విన్నాడు. ఈ సంగతి ఫిలాగ్రోస్‌కి గోడ దగ్గర వందసార్లు చెప్పాడు. తల్లి ముఖం ఎరగనివాడికి తల్లి గురించి తెలిసిందల్లా ఆ ఒక్క కథే. అందుకే ఫిలాగ్రోస్‌కి భయం లేదు. మా అన్న ఉన్నాడు కదా అనుకున్నాడు.

ఓటు రెండురోజులుందనగా కల్లియాదిస్ కొండెక్కి హగ్నోన్ తేనెగూళ్ళ దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు ఓటు ఊసే ఎత్తలేదు. గూళ్ళు ఒక్కొక్కటీ చూస్తూ, తేనె బాగుందని మెచ్చుకుంటూ అటూ ఇటూ నడిచాడు. అవతలి గట్టుమీద అతని బావమరిది తేనెగూళ్ళున్నాయి. ఒకడి గూళ్ళకీ మరొకడి గూళ్ళకీ మూడువందల అడుగుల ఎడం ఉండాలని పాతకాలపు చట్టం. మా ఊళ్ళో దాన్ని కొలిచినవాడు లేడు.

"రెండువందల అరవై ఉంటుందేమోనయ్యా" అన్నాడు కల్లియాదిస్. "కొలిస్తే బాగుండదు. నువ్వు ఎప్పుడో పిల్లప్పుడు చూసినవి ఏవో గుర్తున్నాయంటావట. పదకొండేళ్ళవాడికి ఏం గుర్తుంటుందిలే. ఆలోచించుకో."

అంతే అని దిగిపోయాడు. హగ్నోన్ ఆ సాయంత్రం తన అడుగులతో తనే కొలిచాడు. రెండువందల యాభై కూడా రాలేదు. ఆ గూళ్ళు కదిలిస్తే ఆ ఏటికి తేనె లేదు. పైగా ఊరికొండమీద వేరే చోటు ఇవ్వాల్సింది కూడా కల్లియాదిసే.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే, ఆకెస్టోర్ మాటలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. పట్టిక ఏమిటి, మనుషులు గీసుకున్న గీతలే కదా. అందులోంచి పేరు కొట్టేసినంత మాత్రాన ఫిలాగ్రోస్ ఫిలాగ్రోస్ కాకుండా పోతాడా. వాడి ఆకలి మారుతుందా, వాడి ఊపిరి మారుతుందా. లోకమంతటికీ పౌరుడైనవాడికి ఈ చిన్న ఊరి పౌరసత్వం పోతే వచ్చే నష్టమేమిటి. ఇలా అనుకుంటుంటే అతనికి ఎంతో హాయిగా అనిపించింది. తను పిరికిపని చెయ్యడం లేదు, పెద్దగా ఆలోచిస్తున్నాడు అనిపించింది. సిగ్గులేని మనిషికి చదువు కూడా తోడైతే ఇలాగే ఉంటుంది. ఆ ఆలోచనమీదే నిద్రపోయాడు.

ఓటు రోజున అరవైముగ్గురం గుడి ముందు ఆవరణలో పోగయ్యాం. ఒక్కొక్కడి చేతికీ ఒక తెల్లరాయి, ఒక నల్లరాయి ఇచ్చారు. తెల్లది వేస్తే మనవాడు, నల్లది వేస్తే కాదు. మూతి ఇరుకు కుండలో కావలసిన రాయి వేసి, మిగిలినది పక్క కుండలో పడెయ్యాలి. న్యాయంగా, స్నేహమూ పగా చూసుకోకుండా ఓటు వేస్తామని అందరం బలిపీఠం దగ్గర ప్రమాణం చేశాం. హగ్నోన్ కూడా చేశాడు. పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ, రాళ్ళు పడుతూ, మధ్యాహ్నానికి ఫిలాగ్రోస్ పేరు వచ్చింది.

కల్లియాదిస్ లేచి దాయి సంగతి చెప్పాడు. ఈ మనిషి తల్లి మన ఊరి పిల్ల అని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి అన్నాడు. చెప్పి ఆగాడు. ఫిలాగ్రోస్ కంగారు పడలేదు. వెనక్కి తిరిగి హగ్నోన్ వైపు చూశాడు, అంతే. హగ్నోన్ వంగి చెప్పు తాడు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. తాడు బాగానే ఉంది. దాన్ని విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పాడు. అంత పెద్ద నోరున్న మనిషి ఆవేళ నోరు మెదపలేదు. ఎవరూ లేరన్నమాట అన్నాడు కల్లియాదిస్. ఓట్లు మొదలయ్యాయి.

కుండ పక్కనే కల్లియాదిస్ నిలబడ్డాడు. లోపలికి వెళ్ళే రాయి ఏదో అతనికి కనబడదు. గుప్పిట మూసి వెయ్యాలి, మావాళ్ళు అంత జాగ్రత్తగానే ఏర్పాటు చేశారు. మౌనంగా ఉన్నవాడు పోనీ తెల్లరాయైనా వెయ్యొచ్చుగా. ఎవడికీ తెలిసేది కాదు. కానీ హగ్నోన్‌కి తన ముఖంలో కనబడిపోతుందేమోనని భయం. కల్లియాదిస్ కళ్ళు తన గుప్పిటలోకే చూస్తున్నట్టనిపించింది. చెయ్యి కుండ మూతి మీదకి వెళ్ళింది. నల్లరాయి వేశాడు. వేసి, ఎవరితో మాట్లాడకుండా మేకలదారిన పడి ఇంటికి వెళ్ళిపోయాడు.

లెక్కపెడితే ముప్పైరెండు నల్లవి, ముప్పైఒకటి తెల్లవి. ఈ సంగతి ఆర్కిప్పే బావి దగ్గర విని వచ్చి చెప్పింది. ఒక్క రాయి అందావిడ. ఒకే ఒక్కటి. ఆ మాట విన్నాక హగ్నోన్‌కి తను చేసిందేమిటో తెలిసింది. అందరితో పాటు తనూ ఒకడు అనుకున్నాడు గాని, ఆ ఒక్కడూ తనే అవుతాడని అనుకోలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాడు. ఎండదెబ్బ అన్నాడు భార్యతో.

మర్నాడు పొద్దున్నే ఫిలాగ్రోస్ గోడ దగ్గర నిలబడి పిలిచాడు. వెళ్ళకపోతే బాగుండదని హగ్నోన్ వెళ్ళాడు. తిడతాడనుకున్నాడు. తిడితే పడదామనుకున్నాడు కూడా. ఫిలాగ్రోస్ గోడ మీదుగా చేతులు చాపి అతని చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నువ్వు నోరు తెరవలేకపోయావని నాకు కోపం లేదన్నా. ఆ మనిషి ముందు అందరికీ భయమే. రాయి మాత్రం తెల్లది వేశావు, అది చాలు నాకు. ముప్పైఒక్కమందిలో మొదటివాడివి నువ్వే" అన్నాడు.

హగ్నోన్‌కి తల కొట్టేసినట్టయింది. కాదురా అని చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పలేదు. తలూపాడు. ఊపిన తల ఇక ఎత్తలేకపోయాడు. ఫిలాగ్రోస్ తను న్యాయసభకి ఎక్కుతానన్నాడు. నువ్వు సాక్ష్యం చెప్పాలి, నీ సాక్ష్యం లేకపోతే నాకు వేరే ఏమీ లేదు అన్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు హగ్నోన్ తన పాత పాట. ఎందుకొచ్చిన గొడవ, ఓడితే అమ్మేస్తారు, ఊరుకుంటే కనీసం మనిషిగా బతుకుతావు, అసలు పౌరసత్వమంటే ఏమిటి, లోకమే మన ఊరు కదా అన్నాడు. ఆ మాటలు అతని నోటికే చేదుగా తగిలాయి.

ఫిలాగ్రోస్ ఓపికగా విన్నాడు. "నాకు లోకం పెద్దదని తెలుసన్నా" అన్నాడు చివరికి. "మా అమ్మ లెమ్నోస్‌లో ఎక్కడో మట్టిలో ఉంది, సమాధి కూడా నేనెరగను. ఆమె పేరు మిగిలింది ఈ పట్టికలో నా పేరు పక్కనే. దాన్ని కూడా కొట్టేసి దాయిని రాస్తానంటున్నారు. నేను ఊరుకుంటే మా అమ్మ పెళ్ళి జరగలేదని నేనే ఒప్పుకున్నట్టు."

సరే వస్తానన్నాడు హగ్నోన్. అనక ఏం చేస్తాడు.

ఆ తర్వాత సంతకి వెళ్ళినప్పుడు తేనె అమ్మడం కూడా పూర్తికాకుండానే వసారాకి పరిగెత్తాడు. ఆకెస్టోర్ ఒక్కడే ఉన్నాడు, నానబెట్టిన శనగలు తింటున్నాడు. హగ్నోన్ పేర్లు చెప్పకుండా, ఎవరి సంగతో అన్నట్టు మొదలుపెట్టాడు. ఒకడు మరొకడిని పట్టికలోంచి తీసెయ్యడానికి ఓటు వేశాడనుకోండి, పట్టికే అబద్ధం కనక అందులో తప్పులేదు కదా అని అడిగాడు. అవునంటాడని అతని ఆశ. ఆ ఒక్క మాట కోసం కొండ దిగి వచ్చాడు.

ఆకెస్టోర్ శనగలు నమలడం ఆపాడు. ఓటు వేసినవాడి పేరు ఇంకా పట్టికలో ఉందా అని అడిగాడు. ఉందన్నాడు హగ్నోన్.

"నేను వదులుకున్నది నాది" అన్నాడు ఆకెస్టోర్. "వాడు వదిలేసింది ఎవడిదయ్యా? గోడలు లేవని చెప్పి తను లోపల కూర్చుని, పక్కవాణ్ణి బయటికి నెట్టినవాడు నా దగ్గర నేర్చుకున్నానని మాత్రం ఎక్కడా చెప్పకు."

వాడు అనే మాట మధ్యలో జారి నువ్వు అయిపోయింది. ఇద్దరికీ తెలిసింది. హగ్నోన్ లేచి, తెచ్చిన తేనెకుండ అతని ముందు పెట్టబోయాడు. ఆకెస్టోర్ దాన్ని కర్రతో మెల్లగా వెనక్కి జరిపాడు. ఎవడు ఏమి పెట్టినా తినే మనిషి ఆరోజు హగ్నోన్ తేనె ముట్టలేదు. హగ్నోన్ మళ్ళీ ఆ వసారాకి వెళ్ళలేదు. సంత అయిపోగానే తిన్నగా ఇంటికి వచ్చేవాడు. ఆర్కిప్పే మొదట సంతోషించింది, తర్వాత ఏమిటయ్యా నీకు అని అడగడం మొదలుపెట్టింది.

విచారణకి ముందురోజు కల్లియాదిస్ హగ్నోన్‌ని దారిలో ఆపి ఒక ఉపాయం చెప్పాడు. మాలో సాక్షిగా పిలిచినవాడికి రెండే దారులు. రాసిన సాక్ష్యం చదువుతుంటే వేదికెక్కి అవునని తలూపాలి, లేదా రాతిమీద చెయ్యివేసి ఈ సంగతి నాకు తెలియదని దేవతల మీద ఒట్టు పెట్టాలి. ఒట్టు పెడితే ఇక ఎవడూ ఏమీ అడగడు. నువ్వు ఎవరికీ వ్యతిరేకంగా చెప్పక్కర్లేదు, తెలియదంటే చాలు అన్నాడు. హగ్నోన్ గాడిదని అదిలించుకుని ముందుకి నడిచాడు.

న్యాయసభలో ఐదువందలమంది కూర్చున్నారు. నీటిగడియారం కారుతోంది. ఫిలాగ్రోస్ కొడుకులిద్దరూ కంచె బయట నిలబడి చూస్తున్నారు. సాయంత్రానికి వాళ్ళ తండ్రి పౌరుడుగా బయటికి వస్తాడు, లేదా సంకెళ్ళతో బజారుకి పోతాడు. సాక్షి పేరు పిలిచారు. హగ్నోన్ లేచాడు. వేదికకి వెళ్ళే దారిలోనే ఆ రాయి ఉంది, ఎన్నో చేతులు తగిలి నున్నబడిన రాయి. దాని దగ్గర కాళ్ళు ఆగాయి. తెలియదు అనే మాట గొంతులో సిద్ధంగా ఉంది. ఎదురుగా ఫిలాగ్రోస్ నిలబడి అతన్నే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానమేమీ లేదు. నువ్వు మొదటివాడివి అన్న రోజున ఎలా చూశాడో అలాగే ఉంది. అబద్ధంగా దొరికిన ఆ మెప్పుని నిలబెట్టుకోవాలన్న ఆశ తప్ప ఆ నిమిషాన హగ్నోన్‌లో వేరే ధైర్యమేదీ లేదు. రాయి దాటాడు. వేదికెక్కాడు.

గుమాస్తా చదివాడు. నికారెతే పేరు, ఆమె తండ్రి పేరు, పెళ్ళిరోజు, రొట్టెలు, తండ్రి అన్న మాట. అవునా అన్నాడు. అవునన్నాడు హగ్నోన్. తలూపితే సరిపోయేది, అతను గట్టిగానే అన్నాడు.

కల్లియాదిస్ తన వంతు రాగానే ఆ సాక్షిని చూపించి, ఇంత బాగా తెలిసినవాడు ఊరిసభలో నేను ముమ్మారు అడిగినా ఎందుకు నోరు విప్పలేదు, ఆరోజు చెప్పు తాడు కట్టుకుంటున్నాడు, చూసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు అన్నాడు. ఒక్కసారే అడిగాడు, ముమ్మారు కాదు. కానీ చెప్పు తాడు మాట నిజం. ఐదువందలమంది నవ్వారు. హగ్నోన్ వేదిక పక్కన నిలబడి ఆ నవ్వంతా నెత్తిన పోయించుకున్నాడు. అయితే మా ఏథెన్స్ జనం నవ్వినంత మాత్రాన నమ్మకుండా పోరు. పిరికివాడు కల్పించి చెప్పడు, అబద్ధమే చెప్పేదుంటే అప్పుడే చెప్పేవాడు అని ఒక ముసలాయన పైకే అన్నాడు. ఓట్లు లెక్కపెడితే మూడొందల పైచిలుకు ఫిలాగ్రోస్ వైపే పడ్డాయి. కొడుకులు కంచె దాటి పరిగెత్తుకొచ్చి తండ్రిని వాటేసుకున్నారు.

తిరుగుదారిలో కొడుకులు ముందు నడుస్తున్నారు. హగ్నోన్, ఫిలాగ్రోస్ వెనక. కొండదారి మొదట్లో హగ్నోన్ ఆగిపోయాడు. ఇక మొయ్యలేకపోయాడు పాపం. పాపం అనకూడదు గాని, అన్నాను.

"ఒరే ఫిలాగ్రోస్. ఆరోజు నేను వేసింది నల్లరాయిరా" అన్నాడు.

ఫిలాగ్రోస్ కూడా ఆగాడు. ముఖంలో ఏమీ మారలేదు. తెలుసన్నాడు.

హగ్నోన్‌కి అర్థం కాలేదు. ఎప్పటినుంచి అని అడిగాడు. ఆరోజునుంచే అన్నాడు ఫిలాగ్రోస్. ఇన్నేళ్ళలో సభ అయ్యాక నాతో మాట్లాడకుండా నువ్వు ఎప్పుడూ ఇంటికి పోలేదు, ఆరోజు మేకలదారిన పోయావు, అప్పుడే తెలిసిందన్నాడు. మరి తెల్లవారి వచ్చి నా చేతులెందుకు పట్టుకున్నావని హగ్నోన్ అడిగాడు. 

"నిన్ను తిట్టి ఉంటే నువ్వు ఈవేళ రాతిమీద చెయ్యివేసి తెలియదనేవాడివి. నిన్ను నేనెరగనా. నీకు మంచివాడివనిపించుకోవడం ఇష్టం. అందుకే మంచివాడివన్నాను. రెండునెలలు ప్రతిరోజూ గోడ దగ్గరికి వచ్చి అన్నాను. నాకు నా కొడుకులున్నారు, మా అమ్మ ఉంది. ఎలా నిద్రపోయానో నాకే తెలుసు."

హగ్నోన్ ఏడ్చాడు. నడిరోడ్డుమీద, యాభై ఏడేళ్ళ మనిషి. కనీసం ఈవేళ నిజం చెప్పాను కదరా అన్నాడు.

"చెప్పారు" అన్నాడు ఫిలాగ్రోస్. "కానీ ఆ నిజం మీది కాదు. మా అమ్మది. ఇన్నాళ్ళూ మీ దగ్గర ఉంది, ఈవేళ ఇచ్చేశారు."

అని కొడుకుల్ని అందుకోవడానికి గబగబా నడిచి వెళ్ళిపోయాడు. ఇచ్చేశారు అన్నాడు, మీ దగ్గర అన్నాడు. నలభై ఏళ్ళలో ఎన్నడూ అనని మాట. హగ్నోన్ చాలాసేపు అక్కడే రాతిమీద కూర్చుండిపోయి, చీకటిపడేవేళకి ఇల్లు చేరాడు. ఆర్కిప్పే గెలుపు సంగతి అప్పటికే విని నువ్వులూ తేనే కలిపి ఉండలు చేసింది, పక్కింటికి తీసుకెళ్ళమంది. ఆవిడకి అంతా చెప్పేశాడు. ఆవిడ ఉండలు కట్టిన గుడ్డ మళ్ళీ విప్పి, పళ్ళెంలో పోసి, మూతపెట్టింది. ఒక్క మాట అనలేదు. నెలరోజులు అనలేదు.

ఆ తర్వాత హగ్నోన్ పదకొండేళ్ళు బతికాడు. లోకపౌరుడని పిలిచే కుర్రాళ్ళు కొన్నాళ్ళకి మానేశారు, ఆ పేరు వినగానే అతను ముఖం దాచుకోవడం చూసి. ఫిలాగ్రోస్ ఏనాడూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నల్లరాయి సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పనూ లేదు. హగ్నోనే చివరి రోజుల్లో ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు, అందుకే మాకు తెలిసింది. ద్రాక్షపళ్ళు కోసినప్పుడు ఫిలాగ్రోస్ ఇంటినుంచి అన్ని ఇళ్ళకీ వెళ్ళినట్టే అతనింటికీ ఒక బుట్ట వెళ్ళేది. జబ్బుచేస్తే వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది కూడా ఫిలాగ్రోసే. ఊరివాడు ఊరివాడికి ఏమేం చెయ్యాలని చట్టమూ ఆచారమూ చెబుతున్నాయో అవన్నీ ఒక్కటి తక్కువ కాకుండా చేశాడు.

రోజూ పొద్దున్నే హగ్నోన్ గోడ దగ్గరికి వచ్చి మోచేతులు ఆనించి నిలబడేవాడు. అవతల ఫిలాగ్రోస్ తోటకి బయల్దేరుతూ అతన్ని చూసి, ఊరిపెద్దని చూస్తే ఆగినంత మర్యాదగా ఆగేవాడు.

"బాగున్నారా హగ్నోన్‌గారూ" అనేవాడు.

బాగున్నానయ్యా అనేవాడు హగ్నోన్. ఫిలాగ్రోస్ తలూపి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.